సెల్లార్‌లో నీళ్లుంటే దిగకండి: తుఫానుల ముందు అద్దె ఇళ్లకు, దుకాణాలకు జాగ్రత్తలు

గత వారం కురిసిన వానకు మా వీధి చివరి భవనంలో సెల్లార్ నిండింది. కింద నాలుగు దుకాణాలు, పైన పది అద్దె వాటాలు ఉన్న భవనమది. తెల్లవారుజామున ట్యాంకులో నీళ్లు అయిపోయాయని ఎవరో ఫోను చేస్తే కాపలాదారు మోటారు వేయడానికి మెట్లు దిగాడు. లోపల మోకాలి లోతు నీళ్లు. రెండడుగులు వేశాడో లేదో పడిపోయాడు. మేం పరుగెత్తుకు వెళ్లేసరికి గోడ మీది స్టార్టరు డబ్బాకు ఎర్రదీపం ఇంకా వెలుగుతూనే ఉంది. మెయిన్ స్విచ్ కూడా ఆ నీళ్లకు అవతలే ఉంది. లైన్‌మన్ వచ్చి స్తంభం దగ్గర సరఫరా ఆపేదాకా అతన్ని ఎవరమూ అందుకోలేకపోయాం. అప్పటికే ప్రాణం పోయింది.

నైరుతి వెనక్కి మళ్లగానే వానలు పోయాయనుకుంటాం. కోస్తాకు అసలు గండం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న. మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది 2023 డిసెంబరు 5న. సముద్రానికి అంత దూరంలో ఉన్న హైదరాబాద్‌లోనూ 2020 అక్టోబరు 13న కాలనీలు మునిగాయి. దుకాణాల్లో దసరా, దీపావళి సరుకు నిండుగా ఉండేదీ ఈ రోజుల్లోనే.

టార్చిలైటు, మందులు, మంచినీళ్లు దగ్గర పెట్టుకోవాలని అందరూ చెబుతారు. నేను చెప్పేది ఒక్కటే: నీళ్లున్న సెల్లార్‌లోకి దిగకండి. మోటారు కోసం, బండి కోసం, సరుకు కోసం, దేనికోసమూ దిగకండి.

భవన యజమానులకు. మెయిన్ బోర్డు, మీటర్లు, మోటారు స్టార్టరు సెల్లార్‌లో ఉంటే ఈ నెలలోనే పై అంతస్తుకు, కనీసం మెట్ల మలుపు దగ్గరికి మార్పించండి. ఖర్చవుతుంది, నిజమే. కానీ కింద దిగాల్సిన అవసరమే లేకపోతే ఎవరూ దిగరు. బోర్డులో ఎంసీబీ (తనంతట తానే పడే స్విచ్) ఉంది కదా అని ధీమాగా ఉండకండి. అది లోడు పెరిగినప్పుడు, షార్ట్ అయినప్పుడు వైర్లను కాపాడుతుంది. మనిషి ఒంట్లోంచి కరెంటు పారుతుంటే సరఫరా తెంచేది మరో రకం స్విచ్, ఆర్‌సీసీబీ. ప్రతి వాటాకూ 30 మిల్లీయాంపులది పెట్టించండి. దాని మీదున్న టెస్ట్ మీట నొక్కితే సరఫరా ఆగిపోవాలి. ఆగకపోతే వెంటనే మార్చండి.

డాబా మీద వాన నీటి గొట్టాల నోళ్లు మీరే చూసుకోండి. పైవాటా వారు చూస్తారని కిందివారు, యజమాని చూస్తారని పైవారు అనుకుంటారు. ఆ లోపల ఒక ప్లాస్టిక్ సంచి, గుప్పెడు ఆకులు చాలు, డాబా చెరువవుతుంది.

దుకాణదారులకు. యజమాని భవనానికి చేయించిన బీమా మీ సరుకుకు వర్తించదు. 5 కోట్ల లోపు ఆస్తి ఉన్న వ్యాపారాలకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ ఉంది, తుఫాను, వరద నష్టాలు అందులో కలిసే ఉంటాయి. సరుకు సెల్లార్‌లో ఉంచుతుంటే ఆ సంగతి ముందే చెప్పి రాయించండి. అసలు ఈ మూడు నెలలూ సెల్లార్‌లో సరుకు ఉంచకపోవడమే మేలు. ఎందుకంటే మూటలు తడుస్తున్నాయని తెలిస్తే మనిషి ఆగడు, దిగుతాడు. దిగకండి. తడిసిన బట్టల మూటలు సగం ధరకైనా పోతాయి.

ఇక మిగతావి.

నేమ్‌బోర్డు బోల్టులు బిగించండి. చినిగిన ఫ్లెక్సీలు తీసేయండి.

వదులైన రేకులు, పిట్టగోడ మీది పూలకుండీలు దించండి.

పండగ దీపాల తీగలను ఇనుప షట్టరుకు చుట్టకండి.

జనరేటరును సెల్లార్‌లో నడపకండి. ఆ పొగలోని విషవాయువుకు వాసన ఉండదు.

వాన ముదిరితే లిఫ్టును పై అంతస్తుకు పంపి ఆపేయండి.

బండ్లను ముందురోజే మిట్టకు చేర్చండి. అర్ధరాత్రి బండి కోసం దిగకండి.

రబ్బరు చెప్పులున్నాయని దిగకండి. నీళ్లలో అవి కాపాడవు.

కరెంటు పోయిందని దిగకండి. అది ఏ క్షణంలోనైనా తిరిగి రావచ్చు.

నీళ్లు కనిపించగానే 1912కు ఫోను చేసి సరఫరా ఆపించండి.

మునిగిన మోటారును ఎండబెట్టి వేసేయకండి. ఎలక్ట్రీషియన్‌తో మెగ్గర్ పరీక్ష (లోపలి తీగల నుంచి కరెంటు లీకవుతుందేమో చూసేది) చేయించాకే స్విచ్ వేయండి.

కాపలాదారు కుటుంబం సెల్లార్ గదిలో ఉంటే తుఫాను హెచ్చరిక వచ్చిన సాయంత్రమే వారిని పైకి రప్పించండి. ఒక వాటా ముందు వరండా అయినా చాలు.

లోపల ఎవరూ లేరని చూసి సెల్లార్ గేటుకు తాళం వేయండి. తాళంచెవి కాపలాదారుకు ఇవ్వకండి. నీళ్లు రావడం లేదని ఎవరో ఒకరు అతనికి ఫోను చేస్తారు.