పీడనం, 4వ పాఠం: మధ్య రంధ్రం ఎందుకు గెలిచింది?

గాలి పీడనం మొదలుపెడదామనుకున్నాను. పోయినసారి సీసాకు మూడు ఎత్తుల్లో రంధ్రాలు పెట్టి, నీళ్ళు నింపి, ఏ ధార ఎక్కువ దూరం పోతుందో, మూత బిగిస్తే ఏమవుతుందో చూడమన్నాను. ఆ ప్రయోగం అడ్డం తిరిగింది. అడుగు రంధ్రం నీళ్ళే దూరం పోతాయని నేను రాశాను. చేసినవాళ్ళకు మధ్య రంధ్రం గెలిచింది. "అయితే పీడనం మధ్యలోనే ఎక్కువా?" అని ఒకరు అడిగారు. కాదు. తప్పు నాదే, సీసాను ఎక్కడ పెట్టాలో చెప్పలేదు.

నీళ్ళలో ప్రతి సెంటీమీటర్ లోతుకీ చదరపు సెంటీమీటర్ మీద ఒక గ్రాము బరువు చేరుతుంది. పీడనాన్ని కొలిచే ప్రమాణం పాస్కల్, అది పరీక్షలో రాసుకోండి, నేను మాత్రం గ్రాముల్లోనే లెక్కేస్తాను. 10 మీటర్లకు కిలో. మన నెత్తిన ఉన్న గాలి పీడనం కూడా దాదాపు అంతే.

ఇప్పుడు సీసా. నేలమీద పెట్టారు, నీళ్ళు 24 సెంటీమీటర్లు. రంధ్రాలు నేల నుంచి 4, 12, 20 సెంటీమీటర్ల ఎత్తులో. అడుగు రంధ్రం దగ్గర లోతు 20, కాబట్టి నీళ్ళు సెకనుకు 2 మీటర్ల వేగంతో దూకుతాయి. కానీ నేల 4 సెంటీమీటర్ల కిందే ఉంది, 0.09 సెకన్లలో తగిలేస్తుంది. పరిగెత్తే చోటేది? పై రంధ్రం నీళ్ళు నెమ్మది, సెకనుకు 0.9 మీటర్. కానీ పడడానికి 0.2 సెకన్లు ఉన్నాయి. గుణించండి: రెండూ 18 సెంటీమీటర్ల దగ్గరే పడతాయి! మధ్యది 24 దాకా పోతుంది.

అదే సీసాను అర మీటరు స్టూలు మీద పెట్టండి. లెక్క ప్రకారం అడుగుది 66, మధ్యది 55, పైది 33. అసలు నీళ్ళు దీనికంటే కొంచెం దగ్గరే పడతాయి, కంగారుపడకండి. నాకు ఒళ్ళు మండేది ఎక్కడంటే, పుస్తకాల్లో సీసా నేలమీదే ఉంటుంది, అడుగు ధార మాత్రం అందరికంటే దూరం పోతుంది. గీసినవాళ్ళు ఒక్కసారైనా సీసాకు రంధ్రం పెట్టి చూడలేదు. ధార పడిన చోటు పీడనాన్ని కొలవదు. పీడనాన్ని చూపేది నీళ్ళు బయటికొచ్చే వేగం, అదీ వర్గమూలంలో: లోతు నాలుగింతలైతే వేగం రెండింతలే. ఇటలీ శాస్త్రవేత్త టొరిచెల్లి 1644లో అచ్చువేసిన సంగతే ఇది.

మేడమీద 500 లీటర్ల ట్యాంకు తీసి 1000ది పెడితే కుళాయి జోరు పెరగదు, నీటిమట్టం పెరిగితే తప్ప. అదనపు నీళ్ళ బరువు ట్యాంకు అడుగు మోస్తుంది, కుళాయి కాదు.

మూత బిగిస్తే నీళ్ళు ఆగలేదన్నవాళ్ళకు: మూడు రంధ్రాలూ తెరిచి ఉంటే ఆగవు. పైదాంట్లోంచి గాలి లోపలికి దూరుతుంది, కింద నీళ్ళు పోతూనే ఉంటాయి. రెండింటికి టేపు వేసి మళ్ళీ చూడండి.



అభ్యాసం: కుక్కర్ పూర్తిగా చల్లారాక విజిల్ తీసి గ్రాముల్లో తూచండి. అది కూర్చునే గొట్టం రంధ్రం వ్యాసం కొలవండి. స్కేలు అందదు, సరిగ్గా పట్టే సూదినో మేకునో దూర్చి దాని మందం చూడండి. బరువును రంధ్రం వైశాల్యంతో భాగించండి. విజిల్‌ను లేపడానికి ఆవిరికి కావలసిన పీడనం అదే, చదరపు సెంటీమీటరుకు కిలో దరిదాపుల్లో రావాలి. 250 గ్రాముల దగ్గరొస్తే వ్యాసార్ధం బదులు వ్యాసాన్ని వర్గం చేశారేమో చూసుకోండి, 100 గానీ 10 గానీ వస్తే మిల్లీమీటర్లను సెంటీమీటర్లు చేయడంలో జారారు.