డౌలా బిల్లు చిక్కు ఇలా విడిపోయింది

బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. కాన్పుకి డౌలాను (నొప్పులప్పుడు తోడుండే ఆవిడను) పెట్టుకుంటే, ఆసుపత్రి వాళ్లు ఆవిడ ఫీజునీ ప్యాకేజీలో కలిపేశారు. దాంతో ఇన్సూరెన్స్ వాళ్లు మొత్తం క్లెయిమే ఆపేశారు. డౌలా డాక్టరూ కాదు, నర్సూ కాదు. నడుం రుద్దుతుంది, ఊపిరి ఎలా తీసుకోవాలో చెబుతుంది, ధైర్యమిస్తుంది. అది మన పాలసీల్లో మామూలుగా వైద్యఖర్చు కిందికి రాదు. నొప్పులు పడ్డవాళ్లని అడిగితే వేరే మాట చెబుతారు!

బిల్లింగ్ వాళ్లతో మాట్లాడి డౌలా ఫీజుకు విడిగా రసీదు, మిగతాదానికి కొత్త బిల్లు తీసుకున్నాను. కాన్పు ఖర్చు మెటర్నిటీ పరిమితి మేరకు వచ్చేసింది. డౌలా రసీదును ఆఫీసు వెల్‌నెస్ అలవెన్సులో పెట్టమని హెచ్‌ఆర్ అమ్మాయి చెప్పింది; కొంత వచ్చింది.

అప్పటికీ ఇన్సూరెన్స్ వాళ్లు నాన్చితే ఆ కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) ఉన్నారు, జేపీ నగర్‌లో ఆఫీసు. ఫీజేమీ లేదు.