బ్యాడ్జ్ మొరాయిస్తోందా? ఫర్మ్‌వేర్ జోలికి వెళ్లే ముందు కరెంటు సంగతి చూడండి

హ్యాకర్ కాన్ఫరెన్స్‌లో మెడలో వేసుకునే ఎలక్ట్రానిక్ బ్యాడ్జ్ (చిప్, లైట్లు ఉన్న చిన్న సర్క్యూట్ బోర్డు) మొండికేయగానే చాలామంది చేసే మొదటి పని ఫర్మ్‌వేర్, అంటే చిప్‌లో నడిచే ప్రోగ్రామ్, మళ్లీ ఎక్కించడం. దయచేసి ఆగండి. బాగుచేయమని నా చేతికొచ్చిన వాటిలో ఎక్కువ బ్యాడ్జ్‌ల కోడ్‌లో ఏ లోపమూ లేదు.

కంప్యూటర్‌కి బ్యాడ్జ్ కనిపించడం లేదు

కేబుల్ మార్చండి. బ్యాడ్జ్ మీద లైటు వెలిగింది కాబట్టి కేబుల్ మంచిదేనని అనుకోవద్దు. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లలో డేటా వైర్లు ఉండవు. అదే కేబుల్‌తో ఫోన్ కలిపి ఫైళ్లు కనిపిస్తాయేమో చూస్తే అర నిమిషంలో తేలిపోతుంది. ఈ ఒక్క పని వదిలేసి డ్రైవర్లు తీసి మళ్లీ వేస్తూ గంటలు పోగొట్టుకుంటున్నారు. చూస్తుంటే బాధేస్తుంది.

కేబుల్ బాగానే ఉంటే బూట్ మోడ్ (చిప్ కొత్త ఫర్మ్‌వేర్ తీసుకునే స్థితి) చూడండి. ఆర్‌పీ2040, ఆర్‌పీ2350 చిప్‌లకు (2024 నాటి హ్యాకర్ కాన్ఫరెన్స్ డెఫ్ కాన్ 32 బ్యాడ్జ్‌లో ఉన్నది రెండోది) బూట్‌సెల్ బటన్ నొక్కి పట్టుకుని కేబుల్ పెడితే పెన్‌డ్రైవ్‌లా ఒక డ్రైవ్ వస్తుంది. ఫర్మ్‌వేర్ ఉన్న యూఎఫ్2 ఫైల్ అందులో వేయడమే. వైఫై ఉన్న ఈఎస్‌పీ32 చిప్ అయితే సాధారణంగా జీపీఐఓ0 పిన్‌కి కలిపిన బటన్ నొక్కి ఉంచి రీసెట్ చేయాలి. లినక్స్‌లో పోర్ట్ కనిపిస్తున్నా పర్మిషన్ లేదంటుంటే, సాధారణంగా మీ యూజర్‌ని డయలవుట్ (సీరియల్ పోర్ట్‌లు వాడుకునే అనుమతి ఉన్న) గ్రూప్‌లో చేర్చి మళ్లీ లాగిన్ అయితే సరిపోతుంది.

యూఎస్‌బీ మీద చక్కగా నడుస్తుంది, బ్యాటరీ మీద రీస్టార్ట్ అవుతూనే ఉంటుంది

మనుషుల్ని బాగా తిప్పలు పెట్టేది ఇదే. ల్యాప్‌టాప్‌కి కలిపి సీరియల్ మానిటర్ (బ్యాడ్జ్ పంపే సందేశాలు చూపే విండో) తెరిస్తే అంతా సవ్యంగా కనిపిస్తుంది. మెడలో వేసుకుని హాల్లోకి వెళ్లగానే మళ్లీ మొదలు. ఎందుకంటే పరీక్ష కోసం కేబుల్ పెట్టిన క్షణమే కరెంటు యూఎస్‌బీ నుంచి వస్తుంది, లోపం దాక్కుంటుంది. ఇక అనుమానమంతా కోడ్ మీదికి పోతుంది.

జరిగేది ఇది. ఈఎస్‌పీ32 వైఫై సిగ్నల్ పంపేటప్పుడు కరెంటు ఒక్కసారిగా వందల మిల్లీ ఆంప్‌లకు ఎగబాకుతుంది. బ్యాడ్జ్‌ల మీద ఉండే డబ్ల్యూఎస్2812 రకం రంగుల ఎల్‌ఈడీ ఫుల్ బ్రైట్‌నెస్‌లో తెల్లగా వెలిగితే ఒక్కొక్కటీ 60 మిల్లీ ఆంప్‌ల దాకా లాగుతుంది. ఈ రెండూ ఒకేసారి పడితే సగం వాడిన ఏఏ బ్యాటరీల వోల్టేజ్ క్షణకాలం పడిపోతుంది, చిప్‌లోని బ్రౌన్‌అవుట్ డిటెక్టర్ (వోల్టేజ్ మరీ తగ్గితే పసిగట్టే భాగం) రీసెట్ కొడుతుంది. బ్యాటరీని బయటికి తీసి మల్టీమీటర్ పెడితే 1.3 వోల్టుల దాకా చూపిస్తుంది, మీరు బాగుందనుకుంటారు. లోడ్ లేనప్పటి ఆ రీడింగ్‌ని నమ్మకండి.

బ్యాటరీ లోపలే ఉంచి, లైట్లు, వైఫై వేసి కొలవండి. ఎస్‌ఏఓ (బ్యాడ్జ్‌కి తగిలించుకునే చిన్న అదనపు బోర్డు) కోసం ఉన్న కనెక్టర్‌లో 3.3 వోల్ట్, గ్రౌండ్ పిన్‌లు దొరుకుతాయి, ప్రోబ్‌లు అక్కడే పెట్టొచ్చు. అవి ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి. మిల్లీసెకన్ల పాటు పడే వోల్టేజ్ మల్టీమీటర్‌కి అందకపోవచ్చు. అందుకే ఇంకో పని చేయండి: రీసెట్ ఎందుకు జరిగిందో ఈఎస్‌పీ32 చిప్పే చెబుతుంది, బూట్ కాగానే ఆ కారణాన్ని స్క్రీన్ మీద చూపించేలా రెండు లైన్లు రాయండి. అప్పుడు కేబుల్ లేకుండానే దొంగ దొరుకుతాడు.

బ్యాటరీలన్నీ ఒకేసారి మార్చండి, పాతవీ కొత్తవీ కలపొద్దు. స్ప్రింగ్‌లు వదులైతే బిగువు చేసి, కాంటాక్ట్‌లు తుడవండి. ఎల్‌ఈడీ బ్రైట్‌నెస్ 20 శాతానికి దించండి, కంటికి అంత తగ్గినట్టు అనిపించదు. తగిలించిన ఎస్‌ఏఓలన్నీ తీసేసి, ఒక్కొక్కటే తిరిగి పెడుతూ చూడండి. అవి కూడా అదే 3.3 వోల్టుల నుంచే తాగుతాయి. ఇంకా తగ్గకపోతే 3.3 వోల్టుల లైన్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి, ప్లస్ మైనస్ చూసుకుని.

బ్రౌన్‌అవుట్ డిటెక్టర్‌ని కోడ్‌లో ఆపేయమని కొందరు సలహా ఇస్తారు. వినొద్దు. వోల్టేజ్ తక్కువగా ఉన్నప్పుడు ఫ్లాష్ మెమరీలో రాత జరిగితే డేటా చెడిపోవచ్చు, అప్పుడు బ్యాడ్జ్ అసలు బూట్ కాకపోవచ్చు.

మిగతావి

ఎస్‌ఏఓ తిరగేసి పెట్టారేమో చూడండి. కేబుల్ లాగి లాగి యూఎస్‌బీ సాకెట్ టంకం ఊడొచ్చు. చిప్ కాలిపోవడం మాత్రం చాలా అరుదు. కాలితే చాలాసార్లు ముట్టుకోగానే తెలిసిపోతుంది, ఏ పనీ చేయకపోయినా చుర్రుమంటుంది.