పెద్ద ఫైలు దించుకునే ముందు చూసుకోవాల్సినవి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు చాలా ఇళ్లలో ఇంటర్నెట్ అంటే ఫోన్ హాట్‌స్పాటే. ఆరు జీబీల ఫైలు చివర్లో ఆగిపోతే ఆ రోజు డేటా పోయినట్టే. అందుకే ముందే ఇవి చూసుకోండి.

• ఆగిన చోటి నుంచి కొనసాగించే డౌన్‌లోడ్ మేనేజర్ వాడండి. అయితే ఫైలు ఉన్న అవతలి సర్వర్ కూడా అందుకు ఒప్పుకోవాలి. మొదట్లోనే ఒకసారి పాజ్ చేసి, మళ్లీ నడిపి చూడండి. సున్నా నుంచి మొదలైతే, నెట్ నిలకడగా ఉండే చోటే ఆ పని పెట్టుకోండి.

• ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి వెళ్లకుండా సెట్టింగ్ మార్చండి.

• డిస్కులో జిప్ ఫైలుకీ, విప్పాక వచ్చేదానికీ కలిపి చోటుండాలి. జిప్ ఫైళ్లు విప్పే సెవెన్‌జిప్ ప్రోగ్రామ్ కిటికీలోంచి ఫైళ్లను మౌస్‌తో బయటికి లాగితే అవి సాధారణంగా ముందు సి డ్రైవ్‌లోని టెంప్ (తాత్కాలిక) ఫోల్డర్‌లో విప్పుకుంటాయి. అక్కడ ఖాళీ లేక ఎర్రర్ వస్తే చాలామంది ఫైలే పాడైందనుకుంటారు. ఎక్స్‌ట్రాక్ట్ బటన్ నొక్కి, చోటున్న డ్రైవ్ చూపించండి.

• పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీ దాటిన ఒక్క ఫైలూ అందులో పట్టదు. దాన్ని ఎక్స్‌ఫ్యాట్ పద్ధతికి ఫార్మాట్ చేసి మార్చాలి. ఫార్మాట్ చేస్తే ఉన్నవన్నీ పోతాయి, ముందు కాపీ తీసుకోండి.

• పార్ట్1, పార్ట్2 అని ముక్కలుగా వస్తే అన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉంచి, పేర్లు మార్చకుండా మొదటిదాన్నే తెరవండి.

• ఫైలు ఇచ్చినవాళ్లు ఎస్‌హెచ్‌ఏ-256 కోడ్ (ఫైలు మారకుండా వచ్చిందో లేదో తేల్చే గుర్తు) ఇస్తే, మీరు దించిన ఫైలు కోడ్‌తో తప్పకుండా పోల్చండి. తేడా వస్తే విప్పకండి, మళ్లీ దించండి.