క్లౌడ్‌లో ఉన్న ఫైల్‌ను ఫోన్ నుంచి భద్రంగా షేర్ చేయడం ఎలా?

క్లౌడ్‌లో దాచుకున్న ఫైల్ బయటికి పొక్కిందంటే ఎవరో సర్వర్ తాళాలు బద్దలుకొట్టి ఉంటారని అనుకుంటాం. చాలాసార్లు జరిగేది అంత పెద్ద విషయం కాదు. ఫైల్ సొంతదారే తొందరలో 'ఎనీవన్ విత్ ది లింక్' అని పెట్టి, ఆ లింకును ఒక గ్రూపులో పడేసి, మర్చిపోయి ఉంటారు. ఫోన్‌లో ఈ పొరపాటు ఇంకా తేలిక. తెర చిన్నది, సెట్టింగులు రెండు మెనూల లోపల ఉంటాయి, పని మాత్రం రెండు సెకన్లలో అయిపోతుంది.

అందుకే ముందు ఒక తేడా తెలుసుకోవాలి. ఫైల్ ఇవ్వడానికి రెండు దారులున్నాయి. ఒకటి, మనిషి పేరు మీద ఇవ్వడం. అవతలివారి ఈమెయిల్ చేరుస్తాం, వాళ్లు లాగిన్ అయితేనే ఫైల్ తెరుచుకుంటుంది, తెరిచిన ప్రతిసారీ సర్వర్ సరిచూసుకుంటుంది. రెండోది, లింకు మీద ఇవ్వడం. ఇందులో లింకు ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే ఫైల్. లింకులోని పొడవాటి అక్షరాల గొలుసును ఊహించి కనిపెట్టడం అసాధ్యమే. కానీ ఎవరూ ఊహించాల్సిన పని లేదు. అది ఫార్వర్డ్ అవుతుంది, చాట్ బ్యాకప్‌లో ఉండిపోతుంది, బ్రౌజర్ హిస్టరీలో మిగులుతుంది. 2014 మేలో డ్రాప్‌బాక్స్ ఇలాంటి లోపమే ఒకటి బయటపెట్టి సరిదిద్దింది. షేర్ చేసిన డాక్యుమెంట్ లోపల వేరే వెబ్‌సైట్ లింకు ఉండి, చదివేవారు దాన్ని నొక్కితే, ఆ డాక్యుమెంట్ రహస్య చిరునామా కూడా ఆ వెబ్‌సైట్‌కు చేరిపోయేది. కాబట్టి ముఖ్యమైనది ఏదైనా పేరు మీదే ఇవ్వండి. లింకు దారి, నలుగురికి తెలిసినా నష్టం లేని వాటికి.

గూగుల్ డ్రైవ్‌లో పేరు మీద ఇవ్వడం

ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ పద్ధతి దాదాపు ఒకటే. యాప్ వెర్షన్‌ను బట్టి బటన్ చోటు కాస్త అటూ ఇటూ ఉండొచ్చు.

1. ఫైల్ పేరు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి 'షేర్' ఎంచుకోండి. అదే మెనూలో 'సెండ్ ఎ కాపీ' కూడా ఉంటుంది, దాని జోలికి పోవద్దు. అది అనుమతి ఇవ్వదు, ఫైల్ నకలునే వేరే యాప్ ద్వారా పంపేస్తుంది. వెళ్లిన నకలు మీద మీకు ఇక ఏ అధికారమూ ఉండదు.

2. ఈమెయిల్ చిరునామా పూర్తిగా టైప్ చేయండి. రెండు మూడు అక్షరాలు కొట్టగానే సూచనలు వస్తాయి, అక్కడే తప్పు జరుగుతుంది. ఒకే పేరున్న ఇద్దరు మీ కాంటాక్టుల్లో ఉంటే చిన్న తెర మీద పేరు మాత్రమే స్పష్టంగా కనబడుతుంది, చిరునామా సగంలో చుక్కలతో తెగిపోతుంది. చేర్చిన పేరు మీద ఒకసారి తట్టి పూర్తి చిరునామా చూడండి.

3. కింద పాత్ర ఉంటుంది. మామూలుగా అది 'ఎడిటర్' అని సిద్ధంగా ఉంటుంది. మార్చకుండా పంపితే అవతలివారు ఫైల్‌ను మార్చగలరు, ఇంకొకరికి షేర్ కూడా చేయగలరు. చదివితే చాలనుకుంటే 'వ్యూయర్', అభిప్రాయం రాయాలంటే 'కామెంటర్' పెట్టండి.

4. పంపాక మళ్లీ మూడు చుక్కల్లోకి వెళ్లి 'మేనేజ్ యాక్సెస్' తెరవండి. 'జనరల్ యాక్సెస్' దగ్గర 'రిస్ట్రిక్టెడ్' (చేర్చినవారికి మాత్రమే) అని ఉందో లేదో చూడండి. ఎప్పుడో పాత అవసరానికి 'ఎనీవన్ విత్ ది లింక్' పెట్టి ఉంటే, ఇప్పుడు మీరు జాగ్రత్తగా చేర్చిన పేరుకు అర్థమే లేదు. ముందు తలుపుకు తాళం వేసి పెరటి తలుపు తీసి ఉంచినట్టే.

'వ్యూయర్' అంటే డౌన్‌లోడ్ చేసుకోలేరని కాదు. డౌన్‌లోడ్, ప్రింట్, కాపీ ఆపాలంటే వేరే సెట్టింగ్ ఉంది. బ్రౌజర్‌లో డ్రైవ్ తెరిచి, డెస్క్‌టాప్ సైట్ పెట్టుకుని, షేర్ పెట్టెలో పళ్లచక్రం గుర్తు నొక్కితే కనబడుతుంది. ఎడిటర్లు ఇంకొకరికి ఇవ్వకుండా ఆపే గడి కూడా అక్కడే ఉంటుంది. ఇంత చేసినా స్క్రీన్‌షాట్‌ను ఎవరూ ఆపలేరు. చూడనిచ్చినదాన్ని దాచుకోనివ్వకుండా చేసే ఉపాయం ఏ క్లౌడ్‌లోనూ లేదు.

ఫోల్డర్ షేర్ చేసేటప్పుడు ఇంకో మెలిక ఉంది. ఫోల్డర్‌కు ఇచ్చిన అనుమతి లోపలున్న ప్రతి ఫైల్‌కూ, రేపు మీరు అందులో వేయబోయే ఫైల్‌కూ వర్తిస్తుంది. ఆరు నెలల తర్వాత ఆ ఫోల్డర్ ఎవరెవరు చూస్తున్నారో గుర్తుండదు, గుర్తింపు కార్డు స్కాన్ తీసి అందులోనే వేసేస్తారు. షేర్ చేసే ఫోల్డర్‌ను విడిగా కొత్తగా తయారు చేసుకుని, ఇవ్వాల్సినవి మాత్రమే అందులోకి కాపీ చేయండి. పేరులోనే 'షేర్' అన్న మాట పెడితే మీకే గుర్తు.

నిజంగా మూసి ఉందా?

దీనికి పరీక్ష ఉంది కానీ ఫోన్‌లో చాలామంది తప్పుగా చేస్తారు. లింకును తమకే మెసేజ్‌గా పంపుకుని నొక్కి చూస్తారు. అది నేరుగా డ్రైవ్ యాప్‌లో, వాళ్ల సొంత అకౌంట్‌తో తెరుచుకుంటుంది. సొంతదారుకు ఎప్పుడూ తెరుచుకుంటుంది కదా, దాని వల్ల ఏమీ తెలియదు. సరైన పద్ధతి ఇది: 'కాపీ లింక్' నొక్కండి, బ్రౌజర్‌లో మీ లాగిన్ వర్తించని ఇన్‌కాగ్నిటో ట్యాబ్ తెరవండి, అడ్రస్ బార్‌లో వేలు నొక్కి పట్టుకుని పేస్ట్ చేయండి. లాగిన్ అడిగితే మూసి ఉన్నట్టు. ఫైల్ కళ్ల ముందు కనబడితే లోకమంతటికీ తెరిచి ఉన్నట్టు.

అటువైపు నుంచి 'నాకు తెరుచుకోవడం లేదు' అని ఫోన్ వస్తే కంగారుపడి లింకును అందరికీ తెరిచేయకండి. ఎక్కువసార్లు కారణం ఒక్కటే. వాళ్ల ఫోన్‌లో రెండు మూడు గూగుల్ అకౌంట్లు ఉంటాయి, మీరు ఒకదానికి ఇస్తే యాప్ ఇంకోదానితో తెరుస్తుంది. డ్రైవ్ యాప్‌లో కుడివైపు పైన ఉన్న బొమ్మ నొక్కి అకౌంట్ మార్చమనండి. 'రిక్వెస్ట్ యాక్సెస్' నొక్కితే మీకు మెయిల్ వస్తుంది. అందులో పేరు చూసి ఒప్పుకోవద్దు, చిరునామా చూడండి. ఎవరైనా ఏ పేరైనా పెట్టుకోవచ్చు.

లింకే ఇవ్వాల్సి వస్తే

అవతలివారికి అకౌంట్ లేనప్పుడు, లేదా జనం ఎక్కువమంది అయినప్పుడు లింకు తప్పదు. అలాంటప్పుడు గడువు, పాస్‌వర్డ్ ఉన్న లింకు ఇవ్వడం మేలు. వన్‌డ్రైవ్‌లో ఈ రెండూ డబ్బు కట్టే ప్లాన్‌లో ఉన్నాయి, డ్రాప్‌బాక్స్‌లోనూ అంతే. ప్రోటాన్ డ్రైవ్‌లో లింకుకు పాస్‌వర్డ్, గడువు తేదీ రెండూ పెట్టుకోవచ్చు. గడువు అవసరానికి మించి ఉండకూడదు. రేపు చూసేదానికి 3 రోజులు చాలు, నెల ఎందుకు?

గూగుల్ డ్రైవ్‌లో గమనించాల్సిన చిక్కు ఒకటుంది. లింకు మూసేసి, తర్వాత ఎప్పుడో మళ్లీ తెరిస్తే కొత్త లింకు రాదు. ఫైల్ గుర్తింపు సంఖ్య మారదు కాబట్టి పాత లింకే బతికొస్తుంది, అది ఎవరెవరి దగ్గర ఉందో వాళ్లందరికీ మళ్లీ తెరుచుకుంటుంది. ఒకసారి చేయి దాటిన లింకును మళ్లీ వాడకండి. 'మేక్ ఎ కాపీ'తో నకలు తీసి, ఆ నకలును షేర్ చేసి, పాతదాన్ని తీసేయండి. డ్రాప్‌బాక్స్‌లోనైతే లింకును తొలగించి కొత్తది సృష్టిస్తే సరిపోతుంది.

ఐక్లౌడ్ డ్రైవ్‌లో ఫైల్స్ యాప్ నుంచి షేర్ చేసేటప్పుడు పైన 'కొలాబొరేట్', 'సెండ్ కాపీ' అని రెండు కనబడతాయి. 'కొలాబొరేట్' ఎంచుకుని, కిందున్న అనుమతుల వరుస తెరిచి, 'ఓన్లీ ఇన్వైటెడ్ పీపుల్' ఉంచండి. ఆపిల్ 2022 చివర్లో తెచ్చిన అడ్వాన్స్‌డ్ డేటా ప్రొటెక్షన్ (తాళంచెవి ఆపిల్ దగ్గర కాకుండా మీ పరికరాల్లోనే ఉంచే ఏర్పాటు) ఆన్ చేసుకున్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. 'ఎనీవన్ విత్ ది లింక్' పద్ధతిలో పంచినవాటికి ఆ రక్షణ వర్తించదు.

సర్వర్‌ను కూడా నమ్మకూడని ఫైళ్లు

గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ లాంటివి ఫైళ్లను గుప్తీకరించే, అంటే తాళంచెవి లేనిదే చదవలేని రూపంలోకి మార్చే ఉంచుతాయి. కానీ మామూలు అకౌంట్లలో తాళంచెవి కూడా వాళ్ల దగ్గరే ఉంటుంది. మీ అకౌంట్‌లోకి ఎవరైనా దూరితే ఆ తాళం వాళ్లకు అడ్డే కాదు. పాస్‌పోర్ట్, వైద్య నివేదిక, ఒప్పంద పత్రం లాంటివాటికి క్లౌడ్‌లోకి ఎక్కించే ముందే మీ తాళం మీరు వేసుకోండి.

ఆండ్రాయిడ్‌లో తేలిక దారి జెడ్‌ఆర్కైవర్ యాప్. ఫైల్ మీద వేలు నొక్కి పట్టి, కంప్రెస్ ఎంచుకుని, ఫార్మాట్ 7జెడ్ పెట్టి, పాస్‌వర్డ్ ఇచ్చి, ఫైల్ పేర్లనూ గుప్తీకరించే గడి టిక్ చేయండి. 7జెడ్ వాడేది ఏఈఎస్-256 అనే బలమైన గుప్తీకరణ పద్ధతి. మామూలు జిప్ ఎందుకు వద్దంటే, జిప్‌కు పాస్‌వర్డ్ పెట్టినా లోపలి ఫైళ్ల పేర్లు అందరికీ కనబడతాయి. పైగా దాని పాత గుప్తీకరణ ఎంత బలహీనమో 1994లోనే తేలిపోయింది. ఐఫోన్‌లో ఫైల్స్ యాప్ చేసే జిప్‌కు పాస్‌వర్డ్ సౌకర్యమే లేదు. ఒక్క పీడీఎఫ్ అయితే అక్కడే 'లాక్ పీడీఎఫ్' ఉంది, అది చాలు. రోజూ ఇదే పనైతే క్రిప్టొమేటర్ యాప్ పెట్టుకోండి. మీ డ్రైవ్‌లోనే ఒక ఖజానా తయారవుతుంది, అందులో పడ్డ ప్రతిదీ ఫోన్‌లోనే గుప్తీకరించబడి పైకి వెళుతుంది. అయితే ఖజానాలోంచి ఒక్క ఫైల్‌ను లింకుగా ఇవ్వలేరు. ఖజానా మొత్తాన్నీ పాస్‌వర్డ్‌తో పాటు పంచాలి. ఇద్దరు ముగ్గురు కలిసి చేసే పనికి బాగుంటుంది, ఒకసారి పంపేదానికి దండగ.

మెగా అనే ఇంకో క్లౌడ్ సర్వీసు ఫైళ్లను తనంతట తానే గుప్తీకరిస్తుంది, దాని లింకులో # గుర్తు తర్వాత ఉండేదే తాళంచెవి. బ్రౌజర్లు # తర్వాతి భాగాన్ని సర్వర్‌కు పంపవు, అందువల్ల ఆ తాళంచెవి మెగాకు తెలియదు. లింకునూ తాళంచెవినీ విడదీసి ఇచ్చే వీలు కూడా ఉంది. లింకు మెయిల్‌లో, తాళంచెవి వేరే చాట్‌లో పంపండి.

పాస్‌వర్డ్ విషయానికొస్తే, దాన్ని ఫైల్ వెళ్లిన దారిలోనే పంపితే పెట్టనట్టే. ఫోన్ చేసి చెప్పడం అన్నిటికన్నా మంచిది. చెప్పడానికి వీలుగా ఒకదానితో ఒకటి సంబంధం లేని 5 లేదా 6 మాటలు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కూర్చండి. తెలుగు లిపిలో పెడితే రెండు కీబోర్డులు ఒకే గుణింతాన్ని, పొల్లును వేర్వేరు కోడ్‌లతో రాసే ప్రమాదం ఉంది, కంటికి ఒకేలా ఉన్నా తాళం తెరుచుకోదు. 'పాస్‌వర్డ్ తప్పంటోంది' అన్న ఫిర్యాదుల్లో మరో పాత దోషి నోట్స్ యాప్. అక్కడ టైప్ చేసేటప్పుడు ఫోన్ మొదటి అక్షరాన్ని తనంతట తానే పెద్దది చేస్తుంది, సూచన నొక్కితే చివర ఒక ఖాళీ చేరుస్తుంది. కాపీ చేసినప్పుడు ఆ ఖాళీ కూడా వెంట వస్తుంది, కంటికి కనబడదు. కాపీ చేసింది జీబోర్డ్ (గూగుల్ కీబోర్డ్) క్లిప్‌బోర్డ్‌లో గంటసేపు ఉంటుందని కూడా గుర్తుంచుకుని చెరిపేయండి.

ఫొటోలైతే ఇంకో మాట. కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే తీసిన చోటు ఫైల్‌లోనే రాసి ఉంటుంది, డ్రైవ్‌లో పెట్టినా పోదు. ఐఫోన్‌లో షేర్ తెర పైనున్న 'ఆప్షన్స్'లో లొకేషన్ ఆపి, ఆ నకలును డ్రైవ్‌లోకి ఎక్కించండి.

పని అయ్యాక

ముందు అనుమతి తీసేయండి, తర్వాత ఫైల్ తొలగించండి. వరుస తిరగేస్తే చిక్కు. డ్రైవ్‌లో తొలగించిన ఫైల్ 30 రోజులు ట్రాష్‌లో ఉంటుంది, పూర్తిగా చెరిగేదాకా మీరు షేర్ చేసినవారు దాని నకలు తీసుకోగలరు. ఫోన్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్, 'ఆఫ్‌లైన్' అని గుర్తు పెట్టిన ఫైళ్లు కూడా చూడండి. తాళం వేయకముందు తీసిన స్కాన్ గ్యాలరీలో అలాగే ఉండిపోవడం మామూలే.

ఇదంతా మీ అకౌంట్ గట్టిగా ఉంటేనే పనికొస్తుంది. పాస్‌వర్డ్‌తో పాటు రెండో రుజువు కూడా అడిగే టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయండి. మెసేజ్‌లో వచ్చే కోడ్ కన్నా పాస్‌కీ (వేలిముద్ర లేదా ఫోన్ లాక్‌తో లాగిన్ అయ్యే పద్ధతి) లేదా ఫోన్‌లోనే కోడ్ తయారుచేసే ఆథెంటికేటర్ యాప్ నయం. గూగుల్ ఇచ్చే 10 బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాసి ఫోన్‌కు దూరంగా ఉంచండి, ఫోనే పోయినప్పుడు ఫోన్‌లో ఉన్న కోడ్ ఎందుకూ కొరగాదు. ఫోన్ పోతే వేరే పరికరం నుంచి గూగుల్ అకౌంట్‌లో 'సెక్యూరిటీ' కింద 'యువర్ డివైసెస్' తెరిచి, పోయిన ఫోన్‌ను సైన్ అవుట్ చేయండి. ఆ వెంటనే పాస్‌వర్డ్ మార్చండి.