రాస్ప్‌బెర్రీ పై 4 బూట్ కాకపోతే ఎక్కడ వెతకాలి? ఫర్మ్‌వేర్ సెట్టింగులు రీసెట్ చేయడం ఎలా?

రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డుకి కరెంటిచ్చారు. ఎర్ర లైటు వెలిగింది. స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంది. నిన్నటిదాకా బాగానే నడిచిన బోర్డే. ఇలాంటప్పుడు చాలామంది మొదట చేసే పని, ఎస్‌డీ కార్డు మొత్తం చెరిపేసి ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) మళ్లీ ఎక్కించడం. దానివల్ల సమస్య ఒక్కోసారి పోతుంది, కార్డులోని ఫైళ్లు మాత్రం ప్రతిసారీ పోతాయి. నేను రెండుసార్లు అలా పోగొట్టుకున్నాకే కాస్త వరసగా వెతకడం నేర్చుకున్నాను. ఆ వరసే ఇక్కడ రాస్తున్నాను. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తకుండా, చిన్నవాటితో మొదలుపెట్టి ఫర్మ్‌వేర్ (ఓఎస్ కన్నా ముందే బోర్డుని నడిపించే ప్రోగ్రామ్) సెట్టింగుల రీసెట్ దాకా వెళ్దాం.

ముందే ఒక మాట. ఫైళ్ల పేర్లు, సెట్టింగుల పేర్లు, కమాండ్లు ఇక్కడ తెలుగులో ఉన్నా, కంప్యూటర్లో ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే టైప్ చేయాలి.

సెట్టింగులు ఎక్కడుంటాయి?

డెస్క్‌టాప్ కంప్యూటర్లు రిపేరు చేసిన అలవాటున్నవాళ్లు ముందు బోర్డు మీద గుండ్రటి బ్యాటరీ కోసం వెతుకుతారు. అది తీసి పెడితే బయోస్ (కంప్యూటర్ని లేపే ప్రోగ్రామ్) సెట్టింగులు పోతాయి కదా, అలాగే ఇక్కడ కూడా అని. పై 4లో ఆ బ్యాటరీ లేదు, బయోస్ స్క్రీనూ లేదు. సెట్టింగులు రెండు చోట్ల ఉంటాయి.

ఒకటి ఎస్‌డీ కార్డులోని కాన్ఫిగ్.టీఎక్స్‌టీ అనే మామూలు టెక్స్ట్ ఫైలు. ప్రాసెసర్ వేగం, డిస్‌ప్లే, బోర్డుకి తగిలించిన పరికరాల వివరాలు అందులో ఉంటాయి. రెండోది బోర్డు మీదే ఉన్న చిన్న ఈఈప్రామ్ చిప్. దాని సైజు 512 కేబీ. బోర్డుని నిద్రలేపే బూట్‌లోడర్, దానికి సంబంధించిన కొద్దిపాటి సెట్టింగులు అందులో ఉంటాయి. ఓఎస్ కోసం ముందు ఎస్‌డీ కార్డులో చూడాలా, యూఎస్‌బీ డ్రైవ్‌లో చూడాలా అనేది దానికే తెలుసు.

పై 3, అంతకు ముందు బోర్డుల్లో ఈ చిప్ లేదు. అక్కడ బూట్‌లోడర్ కూడా కార్డులోంచే వచ్చేది, అందుకే కార్డు మారిస్తే అన్నీ మారిపోయేవి. 2019 జూన్‌లో వచ్చిన పై 4తో ఆ లెక్క మారింది. కొత్త కార్డు పెట్టినా పాత బుద్ధి పోలేదంటే, అది చిప్‌లో దాక్కుని ఉందేమో చూడాలి.

అడుగు 1: కరెంటు సంగతి తేల్చుకోండి

పై 4కి 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చే యూఎస్‌బీ-సీ అడాప్టర్ కావాలి. ఇంట్లో పడున్న ఫోన్ చార్జర్ పెడితే ఎర్ర లైటు వెలుగుతుంది, దాంతో కరెంటు సరిపోతోందనే అనుకుంటాం. అసలు తేడా బోర్డు మీద పని పెరిగినప్పుడు బయటపడుతుంది. నేను ఒకసారి రెండు సాయంత్రాలు సెట్టింగులన్నీ మార్చి మార్చి చూశాను. చివరికి దొంగ ఎవరంటే సన్నటి, పొడవాటి కేబుల్. అడాప్టర్ మంచిదే, దారిలోనే వోల్టేజ్ పడిపోతోంది.

ఎర్ర లైటు ఆగి ఆగి వెలుగుతున్నా, స్క్రీన్ మూల పిడుగు గుర్తు కనిపిస్తున్నా వోల్టేజ్ చాలడం లేదనే అర్థం. అడాప్టర్, కేబుల్ రెండూ మార్చి చూడండి. హార్డ్ డిస్క్, కెమెరా, పిన్నుల మీద కూర్చోబెట్టిన అదనపు బోర్డులు అన్నీ తీసేయండి. ఒట్టి బోర్డు, అడాప్టర్, మానిటర్ మిగలాలి. మానిటర్ కేబుల్ పవర్ సాకెట్‌కి దగ్గరగా ఉన్న హెచ్‌డీఎంఐ రంధ్రంలో పెట్టండి. రెండోదాంట్లో పెట్టి బోర్డు పోయిందని కంగారుపడేవాళ్లు చాలామందే.

అడుగు 2: కార్డు తీసేసి పచ్చ లైటు చూడండి

నా లెక్కలో అన్నిటికన్నా ఉపయోగపడే పరీక్ష ఇదే. అర నిమిషం కూడా పట్టదు.

కరెంటు తీయండి. ఎస్‌డీ కార్డు బయటకు తీయండి. మళ్లీ కరెంటివ్వండి. పచ్చ లైటు ఒక వరసలో, ఆగి ఆగి మళ్లీ మళ్లీ మిణుకుమంటే చిప్‌లోని బూట్‌లోడర్ బతికే ఉంది. ఓఎస్ దొరకలేదని చెబుతోందంతే. మానిటర్ తగిలించి ఉంటే బూట్‌లోడర్ వెర్షన్‌తో సహా కొన్ని వివరాలు తెర మీదికి కూడా వస్తాయి. ఇలా జరిగితే చిప్ జోలికి వెళ్లక్కర్లేదు, తప్పు కార్డు వైపు ఉంది. అడుగు 3కి వెళ్లండి.

పచ్చ లైటు అసలు ఒక్కసారి కూడా మిణకలేదా? చిప్‌లో ఉన్నది చెడిపోయి ఉండొచ్చు. నేరుగా అడుగు 5కి వెళ్లండి.

కార్డు పెట్టి ఉన్నప్పుడు కూడా ఆ లైటు మాట్లాడుతుంది. పొట్టి మిణుకులు నాలుగు వచ్చి ఆగుతుంటే స్టార్ట్ అనే పేరుతో మొదలయ్యే ఫర్మ్‌వేర్ ఫైలు దొరకలేదని. ఏడు వస్తే ఓఎస్‌కి గుండె లాంటి కెర్నల్ ఫైలు లేదని. ఎనిమిది వస్తే మెమరీ దగ్గర తేడా. అది మన సెట్టింగులతో పోయే రోగం కాదు, వారంటీ ఉందేమో బిల్లు వెతుక్కోండి. రెండు పొడుగు మిణుకులు, వెంటనే ఒక పొట్టిది వస్తే కార్డులో బూట్ భాగం ఉండాల్సిన ఫ్యాట్ ఫార్మాట్‌లో లేదు. లెక్కపెట్టడం కష్టంగా ఉంటే ఫోన్లో వీడియో తీసి నెమ్మదిగా చూడండి.

అడుగు 3: కార్డుని కంప్యూటర్లో పెట్టి చూడండి

కార్డ్ రీడర్‌తో ల్యాప్‌టాప్‌కి తగిలించండి. బూట్‌ఎఫ్‌ఎస్ అనే పేరుతో ఒక చిన్న డ్రైవ్ కనిపించాలి. పాత ఓఎస్ అయితే పేరు బూట్ అని మాత్రమే ఉంటుంది.

ఇక్కడ ఒక్క జాగ్రత్త. విండోస్‌లో ఈ కార్డు పెట్టగానే "డిస్క్ ఫార్మాట్ చేయాలి" అని అడిగే అవకాశం ఉంది. కార్డులో రెండో భాగం లినక్స్ తరహాలో ఉంటుంది, విండోస్‌కి అది అర్థం కాక అలా అడుగుతుంది. క్యాన్సిల్ నొక్కండి. కంగారులో ఓకే నొక్కితే మీ ఫైళ్లకి నీళ్లొదులుకోవాల్సిందే.

డ్రైవే కనిపించకపోతే కార్డు పోయి ఉండొచ్చు. ఇంకో కార్డులో కొత్తగా ఓఎస్ ఎక్కించి బోర్డులో పెట్టండి. బోర్డు లేచిందంటే తప్పు పాత కార్డుదే. నడుస్తుండగా కరెంటు పోయే ఊళ్లల్లో కార్డులు ఇలా తరచుగా దెబ్బతింటాయి.

అడుగు 4: కాన్ఫిగ్ ఫైలుని వెనక్కి తిప్పండి

డ్రైవ్ బాగానే తెరుచుకుంటే అందులో కాన్ఫిగ్.టీఎక్స్‌టీ ఉంటుంది. ముందు దాన్ని కాపీ చేసి ల్యాప్‌టాప్‌లో దాచుకోండి. తర్వాత నోట్‌ప్యాడ్‌తో తెరవండి.

ఈమధ్య మీరు కలిపిన లైన్లు ఏవో గుర్తు తెచ్చుకోండి. ప్రతి లైను ముందు # గుర్తు పెడితే చాలు, బోర్డు దాన్ని పట్టించుకోదు. లైను చెరిపేయక్కర్లేదు. ముందుగా అనుమానించాల్సింది వేగం పెంచే ఆర్మ్_ఫ్రీక్, ఓవర్_వోల్టేజ్ లైన్లని. నా బోర్డులో వేగం కాస్త ఎక్కువే పెంచాను. చలికాలమంతా బాగానే నడిచింది, ఎండాకాలం మొదలవగానే మొండికేసింది. హెచ్‌డీఎంఐ అని మొదలయ్యే లైన్లు మీరు కలిపి ఉంటే వాటికీ # పెట్టండి. ఒక మానిటర్‌కి సరిపోయిన రెజల్యూషన్ ఇంకోదానికి సరిపోక తెర నల్లగా ఉండిపోవచ్చు, లోపల బోర్డు మాత్రం హాయిగా నడుస్తూనే ఉంటుంది.

ఏం మార్చారో అసలు గుర్తు లేకపోతే, అదే ఓఎస్ అదే వెర్షన్‌ని ఇంకో కార్డులో కొత్తగా ఎక్కించండి. అందులోని కాన్ఫిగ్ ఫైలుని తెచ్చి ఇక్కడ పెట్టండి. ఇదే కార్డు వైపు నిజమైన ఫ్యాక్టరీ రీసెట్. మీ ఫైళ్లు కదలవు.

సేవ్ చేసేటప్పుడు నోట్‌ప్యాడ్ ఒక్కోసారి పేరు చివర టీఎక్స్‌టీ రెండోసారి తగిలిస్తుంది. అప్పుడు బోర్డుకి ఆ ఫైలు కనిపించదు. పేరు సరిచూసుకోండి. పక్కనే సీఎండీలైన్.టీఎక్స్‌టీ అని ఇంకో ఫైలు ఉంటుంది, అందులో ఉన్నదంతా ఒకే లైనులో ఉండాలి. చూడటానికి బాగుంటుందని మధ్యలో ఎంటర్ కొట్టకండి. అయ్యాక డ్రైవ్‌ని ఎజెక్ట్ చేసి కార్డు తీయండి, ఊరికే లాగేయొద్దు.

అడుగు 5: చిప్‌ని రీసెట్ చేయండి

దీనికి ఇంకో ఎస్‌డీ కార్డు కావాలి. చిన్నదైనా చాలు, అందులో ఉన్నదంతా పోతుంది కాబట్టి ఖాళీది చూసుకోండి.

1. ల్యాప్‌టాప్‌లో రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ అనే ఉచిత ప్రోగ్రామ్ తెరవండి.
2. ఓఎస్ ఎంచుకునే చోట "మిస్క్ యుటిలిటీ ఇమేజెస్"లోకి వెళ్లి, బూట్‌లోడర్ కింద పై 4 కుటుంబానిది ఎంచుకోండి.
3. మూడు రకాలు కనిపిస్తాయి: ఎస్‌డీ కార్డ్ బూట్, యూఎస్‌బీ బూట్, నెట్‌వర్క్ బూట్. మామూలుగా ఎస్‌డీ కార్డ్ బూట్ సరిపోతుంది.
4. ఖాళీ కార్డు ఎంచుకుని రైట్ (రాయడం) బటన్ నొక్కండి. ఫైలు చిన్నది, త్వరగానే అయిపోతుంది.
5. ఆ కార్డుని బోర్డులో పెట్టి కరెంటివ్వండి. కనీసం 10 సెకన్లు ముట్టుకోకండి.

పని పూర్తయితే పచ్చ లైటు గబగబా ఒకే తీరుగా, ఆగకుండా మిణుకుతుంది. మానిటర్ ఉంటే తెరంతా పచ్చగా మారుతుంది. ఎర్రగా మారితే కుదరలేదని. కరెంటు తీసేసి ఆ కార్డు బయటకు తీయండి, మీ అసలు కార్డు పెట్టి బోర్డుని లేపండి. బూట్‌లోడర్‌తో పాటు దాని సెట్టింగులు కూడా కొత్తగా వచ్చేశాయి.

సరిగ్గా ఆ పది సెకన్లలో కరెంటు పోతే? నాకూ ఆ టెన్షన్ ఉండేది. పై 4 ప్రాసెసర్ బీసీఎం2711 లోపలే చెరపడానికి వీల్లేని ఒక చిన్న ప్రోగ్రామ్ ఉంది. అది ఈఈప్రామ్ కన్నా ముందు ఎస్‌డీ కార్డులో రికవరీ.బిన్ ఫైలు ఉందేమో చూస్తుంది. కాబట్టి చిప్ సగం రాసి ఆగిపోయినా, అదే కార్డుతో మళ్లీ మొదలుపెట్టొచ్చు.

బోర్డు లేస్తోంది గానీ సెట్టింగులే తేడాగా ఉంటే

అప్పుడు ఇంకో కార్డు అక్కర్లేదు. కమాండ్లు టైప్ చేసే టెర్మినల్ విండోలో సుడో రాస్పీ-కాన్ఫిగ్ అని కొట్టి, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో బూట్‌లోడర్ వెర్షన్‌కి వెళ్లండి. లేటెస్ట్ ఎంచుకున్నాక బూట్ రోమ్‌ని (అంటే ఆ చిప్‌లోని సెట్టింగుల్ని) డిఫాల్ట్‌కి తేవాలా అని అడుగుతుంది. ఎస్ చెప్పి రీబూట్ చేయండి. మార్పు రీబూట్‌లోనే చిప్‌లోకి ఎక్కుతుంది కాబట్టి, మధ్యలో ప్లగ్ పీకొద్దు.

రీసెట్ అయ్యాక యూఎస్‌బీ డ్రైవ్ నుంచి నడుపుకునేవాళ్లకి ఒక చిక్కు వస్తుంది. ఓఎస్ కోసం ఏ వరసలో వెతకాలో చెప్పే బూట్ ఆర్డర్ అనే విలువ చివర సాధారణంగా 41 అని ఉంటుంది, దాన్ని కుడి నుంచి ఎడమకి చదవాలి. 1 అంటే ఎస్‌డీ కార్డు, 4 అంటే యూఎస్‌బీ డ్రైవ్. అంటే ముందు కార్డు, అది లేకపోతే యూఎస్‌బీ. మీ బోర్డులో పాత కార్డు ఒకటి ఉండిపోతే, యూఎస్‌బీ తగిలించి ఉన్నా ఆ పాత ఓఎస్సే లేస్తుంది. కార్డు తీసేయండి, లేదా అదే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో బూట్ ఆర్డర్‌కి వెళ్లి యూఎస్‌బీని ముందుకి తెచ్చుకోండి.

పై 400కి కూడా పై 4 ఇమేజే సరిపోతుంది. పై 5కి పద్ధతి ఇదే, కాకపోతే ఇమేజర్‌లో పై 5 కుటుంబానిది ఎంచుకోవాలి. కంప్యూట్ మాడ్యూల్ 4 ఉన్నవాళ్లకి మాత్రం ఈ కార్డు పద్ధతి పనికిరాదు. యూఎస్‌బీ కేబుల్‌తో ఇంకో కంప్యూటర్‌కి కలిపి, అక్కడి నుంచి చిప్‌లోకి ఎక్కించాలి.