పీడీపీ-11 డిస్క్ ఇమేజ్ వాడే ముందు జాగ్రత్తలు

పీడీపీ-11 అనేది డీఈసీ కంపెనీ వారి పాత మినీకంప్యూటర్; దాని డిస్కులోని డేటా అంతటినీ ఒక ఫైలుగా తీసినదే డిస్క్ ఇమేజ్. అసలు ఇమేజ్‌ను ఎన్నడూ నేరుగా ముట్టుకోకండి. నకలు తీసి, చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో తేల్చే సంఖ్య) రాసి పెట్టుకొని, సిమ్‌హెచ్‌లో (పాత కంప్యూటర్లను అనుకరించే ప్రోగ్రామ్‌లో) ఆ నకలును చదవడానికి మాత్రమే తెరవండి. విజయవాడ ఎండాకాలంలో కరెంటు పోవడం మామూలే కనుక యూపీఎస్ తప్పనిసరి.

అన్నింటికంటే శ్రద్ధ పెట్టవలసింది డిస్కు కొలతల మీద. పీడీపీ-11 వాడే ఆర్‌కే05 డిస్కులో 203 సిలిండర్లు, 2 తలాలు, ఒక్కో ట్రాకుకు 12 సెక్టార్లు, సెక్టారుకు 512 బైట్లు ఉంటాయి కాబట్టి పూర్తి ఇమేజ్ 24,94,464 బైట్లు రావాలి. తక్కువగా వస్తే, చివర ఏ బ్లాకులు (512 బైట్ల ముక్కలు) లేవో తేల్చుకున్నాకే ముందుకు వెళ్లాలి. డీఈసీ వారిదే మరో పాత కంప్యూటర్ పీడీపీ-8లో అదే ఆర్‌కే05కు ట్రాకుకు 16 సెక్టార్లు, పైగా డేటాను 8 బిట్ల బైట్లుగా కాక 12 బిట్ల పదాలు (వర్డ్స్)గా లెక్కిస్తారు. ఈ లెక్క అక్కడ పనికిరాదు.

ఆర్‌ఎక్స్01 ఫ్లాపీ అయితే, పీడీపీ-11 ఆపరేటింగ్ సిస్టమ్ అయిన ఆర్‌టీ-11 బ్లాకులను సెక్టార్లలో వరుసగా రాయదు కనుక, మీ దగ్గరున్న ఇమేజ్ ఏ వరుసలో ఉందో ముందే చూసుకోండి.